నలభై ఒకటో కార్డు

చదివేవారికి ముందుగా ఒక మాట. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది, అంచేత కథ కూడా నాలాగే నెమ్మదిగా నడుస్తుంది. ఓపిక పట్టండి. ఇది నా గురించే అయినా ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగడం లేదు. అందుకని సూరమ్మ అని రాస్తున్నాను. ఆ పేరు ఒక్కటే నిజం. మిగతా పేర్లు మార్చాను.

గురువారం సాయంత్రం శారోన్ మందుల షాపు నుంచి వచ్చేసరికి సూరమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. మూడు రోజులుగా ముసురు. శారోన్ చెప్పులు విడిచి గోడకి చేరబడింది. సూరమ్మ లేచి వెళ్లి బకెట్టులో వేణ్నీళ్లు తెచ్చి పెట్టింది. పిల్ల అందులో రెండు పాదాలూ పెట్టుకుని కళ్లు మూసుకుంది. పొద్దున్న తొమ్మిది నుంచి చీకటి పడేదాకా నిలబడే ఉద్యోగం. షాపులో స్టూలు ఒకటుంది కాని అది యజమానిది. ఇరవై నాలుగేళ్ల పిల్ల మడమలు అరవై ఏళ్ల మనిషి మడమల్లా ఉబ్బి ఉండడం సూరమ్మ చూస్తుంది. నీళ్లు చల్లారితే మారుస్తుంది, అంతే. రెండేళ్ల వయసులో తల్లీ తండ్రీ పోయిన మనవరాలు. ముక్తేశ్వరంలో ఆ రెండు గదుల ఇంట్లో వాళ్లిద్దరే.

పాదాలు తుడుచుకుని శారోన్ చాప పరిచి కార్డులు తీసింది.

‘ఏడు లంకలు’ అన్నది బొమ్మల కార్డుల ఆట. పేకాట కాదు, డబ్బు పందెం లేదు. కార్డులు పొట్లాల్లో అమ్ముతారు. ఏ పొట్లంలో ఏది వస్తుందో ఎవరికీ తెలియదు. లేనివి ఒకరితో ఒకరు మార్చుకుంటారు. పోగు చేసుకున్న వందల్లోంచి ఎవరికి వారు నలభై ఎంచుకుని కట్ట కట్టుకోవాలి. ఇంకో ఎనిమిది పక్కన పెట్టుకోవచ్చు. ఆటకీ ఆటకీ మధ్య వాటిలోంచి మార్చుకోనిస్తారు. బల్ల మధ్య ఏడు లంకలు పరుస్తారు. నాలుగు ముందుగా ఎవరి వశమైతే ఆట వాళ్లది. ప్రతి వంతుకీ చేతిలోని ఒక కార్డు బోర్లించి పెట్టాలి. దాన్ని పోటు అంటారు. ఎన్ని పోట్లు ఉంటే అంత బరువైన కార్డు ఆడవచ్చు. బోర్లించినది ఆ ఆటలో మళ్లీ చేతికి రాదు. అంచేత ఏది వదులుకోవాలో తెలిసినవాళ్లే ఈ ఆటలో గెలుస్తారు.

ఆదివారం అమలాపురంలో మురళీమోహన్ గారి స్టేషనరీ షాపు మేడ మీద పోటీ. పదహారు మంది ఆడుతున్నారు. గెలిచినవారిని ఆ కార్డుల కంపెనీవాళ్లు కాకినాడ ఆఫీసులో ఉద్యోగానికి తీసుకుంటారు. బడులకు వెళ్లి పిల్లలకు ఆట నేర్పాలి. మిగతా రోజుల్లో బల్ల ముందు కూర్చుని కొత్త కార్డులు ఆడి చూడాలి. కూర్చునే ఉద్యోగం. ఆ రెండు మాటలూ శారోన్ నోట ఆ నెలలో ఎన్నిసార్లు వచ్చాయో సూరమ్మకే తెలుసు.

మందుల బిల్లు వెనక శారోన్ మిగతా పదిహేను పేర్లూ రాసుకుంది. ఎవరు ఏ కట్ట ఆడతారో పక్కన గుర్తులు పెట్టుకుంది. తొమ్మిది మందివి దోనెల కట్టలు. దోనె ఒక్క పోటుకే ఆడే చిన్న పడవ. వరసగా దించుకుంటూ పోతే అయిదో వంతుకల్లా నాలుగు లంకలూ వచ్చేస్తాయి. అమలాపురంలో ఆ కట్ట మొదట కట్టినవాడు నాగసతీష్. ముప్పై ఏళ్లుంటాయి, ముక్తేశ్వరం నుంచి అమలాపురానికి ఆటో తోలుతాడు. అతన్ని చూసే మిగతావాళ్లు నేర్చుకున్నారు.

శారోన్‌ది గట్లు కట్టుకుంటూ నెమ్మదిగా ఆడే కట్ట. దానికి ప్రాణం వరద కార్డు. పడితే బల్ల మీది పడవలన్నీ మునిగిపోతాయి. కాని దానికి ఆరు పోట్లు కావాలి, దోనెలవాళ్లు ఆరో వంతు రానివ్వడం లేదు. గాలివాన కార్డు మూడు పోట్లకే పడుతుంది. కాని దోనెల్నే ముంచుతుంది. పెద్ద పడవల ముందు అది ఉత్త అట్టముక్క.

మూడు వరదలూ తీసి మూడు గాలివానలు పెడితే తొమ్మిది మందిని కొట్టొచ్చని, మిగతా ఆరుగురిలో ఎవరు ఎదురొచ్చినా చేతిలో మూడు పనికిరాని కార్డులుంటాయని శారోన్ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

సూరమ్మ ఈనె చీరడం ఆపింది. ప్రతి ఆదివారం మనవరాలితో వెళ్లి ఆ మేడ మీద గుమ్మం పక్కన కూర్చుంటుంది. చదవడం నెమ్మది గనక ఆమె చూపు కార్డుల మీద కన్నా చేతుల మీద ఎక్కువ ఉంటుంది.

“గాలివానలే పెట్టుకోవే,” అంది. “నాగసతీష్ మొదటి రెండు వంతుల్లోనే పెద్ద పడవలు బోర్లించేస్తాడు. ఆ పైన అతని దగ్గర బరువైనవి ఉండవు. కాపోతే ఒక్కటే. ఒక ఆటలో గాలివాన తగిలిందా, రెండో ఆటలో దోనెలు చేతిలోనే దాచుకుంటాడు. అప్పుడు నీ గాలివాన దేనిమీద వేస్తావు?”

శారోన్ తలెత్తి చూసింది. “నువ్వు అక్కడ కునికిపాట్లు పడుతున్నావనుకున్నాను. ఇదా నువ్వు చేసే పని?”

అలా మూడు వరదలూ పక్కన పెట్టే ఎనిమిదిలోకి వెళ్లాయి. సూరమ్మకి ఆ పూట కొంచెం గర్వంగా ఉంది. ఆ గర్వంలోనే కళ్లజోడు డబ్బా తెరిచి అందులోంచి ఒక కార్డు తీసి చాప మీద పెట్టింది. రేవు కార్డు. నీళ్లలోకి దిగే మూడు మెట్లు, మెట్ల దగ్గర కట్టేసిన రెండు పడవలు. అది ఆడితే ఇద్దరు ఆటగాళ్లూ కట్టలోంచి చెరొక కార్డు తీసుకోవచ్చు.

అది నాగసతీష్ ఇచ్చింది. రెండు నెలల కిందట ఆటో ముందు సీట్లో తన కార్డులు వదిలేసి ఉంటే సూరమ్మ వెనక నుంచి తొంగి చూస్తోంది. ఒకటి తీసి, “చదవండి మామ్మగారూ, చదివితే మీదే,” అన్నాడు. రోడ్డు మీద హారన్లు మోగుతున్నా ఆటో కదపకుండా కూర్చున్నాడు. ఆమె ర, దాని మీద ఏత్వం, వ, దానికి కొమ్ము అని వేలితో దిద్దుకుని రేవు అంది. ఎవరి సాయమూ లేకుండా ఆమె చదివిన మొదటి మాట అది. కార్డు మూల మీద నీలం పెన్నుతో ‘నా’ అని అతని గుర్తు ఉంది. కార్డులు కలిసిపోకుండా కొందరు అలా రాసుకుంటారు.

“ఇది కూడా పెట్టుకోకూడదా?” అని అడిగింది.

“అది ఇద్దరికీ మేలు చేసే కార్డు మామ్మా. పోటీలో ఎవరూ ఆడరు,” అని శారోన్ దాన్ని మళ్లీ కళ్లజోడు డబ్బాలో పెట్టింది.

శనివారం శారోన్ షాపుకి వెళుతూ కొత్త నీలం కవర్లు ఇచ్చి, నలభై కార్డులకూ తొడిగి పెట్టమంది. పాతవి చెమటకి జిగురుపట్టి పోయాయి. పక్కవి ఎనిమిది వేరే పెట్టమంది. సూరమ్మ మధ్యాహ్నం అన్నం తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని, పొడి తువ్వాలు ఒళ్లో పరుచుకుని కూర్చుంది. ఒక్కొక్క కార్డూ తీసి పేరు పైకి చదివి, మూలలు వంగకుండా కవరులోకి జార్చింది. గట్టు. గట్టు. కాపరి. గాలివాన. సాయంత్రం నాలుగింటికి పూర్తయింది. అప్పుడు లెక్కపెట్టింది. రెండు చేతులతో రెండేసి చొప్పున.

అది కొబ్బరికాయల లెక్క. ముప్పై ఏళ్లు వర్తకుడి దొడ్డిలో ఆమె పని అదే. రాశిలోంచి రెండు చేతులా రెండేసి కాయలు తీసి అవతలికి విసురుతూ పైకి లెక్క చెప్పడం. లెక్క పూర్తయ్యాక పైన కొసరు వెయ్యాలి. కొసరు లెక్కలోకి రాదు. అమ్మేవాడూ లెక్కపెట్టడు, కొనేవాడూ లెక్కపెట్టడు. కాని కొసరు పడనిదే లారీ తలుపు మూయరు. ఆ పని మానేసి ఏళ్లయినా ఆమె చెయ్యి బోడి లెక్క ఎప్పుడూ పంపలేదు. పొరుగింటికి పది గుడ్లు పంపితే పదకొండోది ఉంటుంది. చర్చికి డజను కొవ్వొత్తులిస్తే పదమూడోది ఉంటుంది.

నలభై అయ్యాయి. ఆమె కాసేపు కట్ట వంక చూసింది. కళ్లజోడు డబ్బా తెరిచి, రేవు కార్డుకి ఒక నీలం కవరు తొడిగి, కట్ట మీద పెట్టి పెట్టె మూసింది. ఆడేముందు పిల్లే తీసి పక్కన పెట్టుకుంటుందనుకుంది. కొసరు అంటే అంతే కదా అనుకుంది. శారోన్ వచ్చాక చెప్పలేదు. చెబితే నవ్వి తీసేస్తుందని.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరూ నాగసతీష్ ఆటోలోనే అమలాపురం వెళ్లారు. పోటీకి వెళ్లేవాళ్లని తనే మోసుకుపోతున్నానని అతను దారిపొడుగునా వేళాకోళమాడాడు. శారోన్ నవ్వలేదు. కట్ట పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మేడ మీద గదిలో ఎనిమిది బల్లలు. తడి గొడుగులు గుమ్మం పక్కన కుప్పగా పడి ఉన్నాయి, వాటి పక్కనే సూరమ్మ కుర్చీ. మురళీమోహన్ గారు తెల్ల చొక్కాలో బల్లల మధ్య తిరుగుతూ అందరినీ గారు అనే పిలుస్తున్నారు. మూడు ఆటల్లో రెండు గెలిస్తే ఒక రౌండు. నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో గాలివాన మూడో వంతుకే పడింది, ఎదుటి కుర్రాడు నోరు తెరిచాడు. రెండో రౌండులో సూరమ్మ ఒకటి గమనించింది. కట్టలోంచి తీసిన కార్డు చూసి శారోన్ చెయ్యి ఆగిపోయింది. ఊపిరి రెండుసార్లు తీసినంతసేపు. తర్వాత దాన్ని బోర్లించి పోటుగా పెట్టేసింది. పనికిరాని కార్డేదో వచ్చిందనుకుంది సూరమ్మ.

నాలుగో రౌండుకి శారోన్ ఎదురుగా నాగసతీష్ కూర్చున్నాడు. ఓడినవాళ్లంతా బల్ల చుట్టూ చేరారు.

మొదటి ఆట శారోన్‌ది. నాలుగు దోనెలు దిగాక గాలివాన వేసింది, బల్ల మీద అతని వైపు ఖాళీ అయింది. అతను తల ఊపి, బాగుందండీ అన్నాడు. రెండో ఆటలో సూరమ్మ గురువారం చెప్పిందే జరిగింది. అతను దోనెలు దించలేదు. చేతిలోనే పట్టుకుని, ఒక్కొక్క పోటే పెట్టుకుంటూ ఓపిగ్గా కూర్చున్నాడు. శారోన్ చేతిలోకి మూడు గాలివానలూ వచ్చి చేరాయి. ఏడో వంతుకి అతను అన్నీ ఒక్కసారి దించి నాలుగు లంకలూ తీసుకున్నాడు.

మూడో ఆటకి ముందు శారోన్ పక్కన పెట్టిన ఎనిమిదిని ముందు పరుచుకుని చాలాసేపు చూసింది. ఒకసారి నాగసతీష్ చేతుల వంక చూసింది. మూడు గాలివానలు తీసి మూడు వరదలు పెట్టింది. కట్ట కలిపి బల్ల మీద పెట్టి, “మార్చేను సార్. లెక్క చూడండి,” అంది.

కార్డులు మార్చుకుంటే కట్ట లెక్కపెట్టాలి, అది రూలు. అప్పటిదాకా ఆమె ఏ రౌండులోనూ మార్చుకోలేదు. మురళీమోహన్ గారు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. కట్టని అటు తిప్పి విసనకర్రలా విప్పారు. అందులోంచి ఒక కార్డు తీసి పట్టుకున్నారు.

సూరమ్మకి అక్కణ్నుంచే తెలిసిపోయింది. మూడు మెట్లు, రెండు పడవలు.

“నలభై ఒకటి ఉన్నాయి,” అన్నారాయన. “ఇది మీరు రాసిచ్చిన జాబితాలో లేదు కదమ్మా.”

లేదండి అంది శారోన్. బల్ల మీదే చూస్తోంది. ఆయన కార్డుని కిటికీ వెలుతురులో పెట్టి మూల చూశారు. అక్కడున్న ‘నా’ ఆ గదిలో అందరికీ తెలిసిన గుర్తే. ఆట ఆటకీ ముందు ఎదుటివాళ్ల కట్టని కోసి ఇవ్వాలి కాబట్టి నాగసతీష్ ఆ కట్టని రెండుసార్లు చేత్తో పట్టుకున్నాడు. కట్ట లెక్క తప్పితే ఆ కట్టవాళ్లు ఓడినట్టే. ఇవన్నీ ఎవరూ పైకి అనలేదు. నిరుడు షాపు అద్దాల పెట్టెలోంచి ఒక ఖరీదైన కార్డు కనబడకపోతే అందరూ అతన్నే అనుకున్నారు. నెల తర్వాత అది పెట్టె వెనక దొరికింది. అనుకున్నది మాత్రం ఎవరి మనసులోనూ చెరగలేదు.

“ఆ కార్డు నాదేనండి,” అన్నాడు నాగసతీష్. “కాని ఎప్పుడో ఇచ్చేసేను.”

“ఎవరికి ఇచ్చేరు?”

అతను తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. సూరమ్మ కుర్చీ అంచు పట్టుకుంది. లేవాలనుకుంది. శారోన్ ఉబ్బిన మడమలు బల్ల కింద నుంచి కనబడుతున్నాయి. ఒక చెప్పు విడిచేసి కూర్చుంది.

“గుర్తులేదండి,” అన్నాడతను.

మురళీమోహన్ గారు గొంతు పెంచలేదు. ఇలాంటివి ఈ గదిలో జరగడం తనకి బాధగా ఉందన్నారు. నాగసతీష్ గారు ఏడాదిపాటు పోటీలకు రావద్దన్నారు. గెలిచినవారి కింద శారోన్ పేరు రాసుకుని, గురువారం కాకినాడ నుంచి కంపెనీవారు వచ్చి కాగితాలు రాయించుకుంటారని చెప్పారు. చప్పట్లు కొట్టారు. నాగసతీష్ తన కార్డులు పెట్టెలో సర్దుకుని, తడి గొడుగుల్లో తనది వెతుక్కుని, సూరమ్మ పక్క నుంచే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికి బస్సులో వచ్చారు. దారిలో శారోన్ కిటికీలోంచి కాలువ వంక చూస్తూ, కాకినాడలో చిన్న గది తీసుకుందాం మామ్మా అంది. సూరమ్మ అలాగే అంది.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి సూరమ్మ రోడ్డు మీదికి వెళ్లి నిలబడింది. నాగసతీష్ ఆటో వచ్చేసరికి అందులో ఇద్దరే బడి పిల్లలు. రోజూ ఆరుగురు ఉంటారు. మిగతావాళ్లేరీ అని అడిగింది. వాళ్ల నాన్నగార్లు వేరే ఆటో మాట్లాడుకున్నారని, మోసం చేసే మనిషితో పిల్లల్ని పంపడం ఎందుకనుకుని ఉంటారని అతను మామూలుగానే చెప్పాడు. ఎక్కమన్నాడు. పిల్లల్ని బడి దగ్గర దింపాడు. తర్వాత అతను ఆటో ఒక పక్కకి ఆపి ఇంజను కట్టేశాడు. పైన రేకు మీద చినుకులు పడుతున్నాయి.

“అది నేనే పెట్టేను నాయనా. కొసరుకి పెట్టేను,” అంది సూరమ్మ.

“ఆయ్,” అన్నాడతను. “మీరే పెట్టి ఉంటారనుకున్నానండి.”

“మరి చెప్పలేదేం?”

అతను అద్దంలోంచి చూశాడు. “పదహారు మందిలో నేను మీ పేరు చెబితే ఏమవుద్దండి? ముసలమ్మ మీద తోసేసేడంటారు. మీరు ఇంకెప్పుడూ ఆ మెట్లు ఎక్కరు. అదీ కాక…” చూపు రోడ్డు మీదికి తిప్పాడు. “మీరే చెప్తారేమో అని చూసేనండి.”

అతను ఇంజను పెట్టి ఆమెని ఇంటి దగ్గర దింపాడు. ఎంత ఇవ్వబోయినా తీసుకోలేదు.

మంగళవారం శారోన్ వచ్చి పాదాలు నీళ్లలో పెట్టుకున్నాక సూరమ్మ ఎదురుగా కూర్చుంది. రేవు కార్డు కట్టలో తనే పెట్టానని, ఎందుకు పెట్టిందో, నాగసతీష్ ఏమన్నాడో అంతా చెప్పింది. పిల్ల ఆశ్చర్యపోతుందని, కోప్పడుతుందని, ఏడుస్తుందని మూడిటికీ సిద్ధపడి వచ్చింది. శారోన్ నీళ్లలో వేళ్లు కదిపింది.

“తెలుసు మామ్మా.”

“ఎప్పుడు తెలుసు?”

“రెండో రౌండులో చేతికొచ్చింది. పోటు కింద బోర్లించేసేను. తర్వాత తీసేద్దామనుకున్నాను కాని అందరూ చూస్తున్నారు, ఎక్కడ దాచను?” గొంతులో ఏమీ లేదు, మందుల పేర్లు చదివినట్టుంది. “రెండో ఆట ఓడిపోయేక చూసుకున్నాను. గాలివానలతో ఆడితే ఓడిపోతాను. వరదలు పెట్టినా గెలుస్తానని లేదు, అతను నాకన్నా బాగా ఆడతాడు. మార్చుకుంటే లెక్కపెడతారు. లెక్కపెడితే అతని గుర్తు బయటపడుద్ది. మురళీమోహన్ గారు ఎవరి మాట నమ్ముతారో నాకు తెలుసు.”

సూరమ్మకి ఆ పొద్దు బల్ల మీద పరిచిన ఎనిమిది కార్డులూ, వాటిని చూస్తూ పిల్ల కూర్చున్న ఆ చాలాసేపూ కళ్ల ముందుకి వచ్చాయి. అప్పుడు ఏ కార్డు ఆడాలో చూసుకుంటోందనుకుంది. చూసుకున్నది అదే.

“పిల్లల్ని మానిపించేసేరే అతని ఆటోలో,” అంది.

“నా కాళ్లు చూడు,” అంది శారోన్. నీళ్లలోంచి పైకెత్తింది. నీళ్లు కారుతున్నాయి. “ఇంకో పదేళ్లు ఇలాగే నిలబడమంటావా? చెప్పు. నువ్వు నిలబడమంటే నిలబడతాను.”

సూరమ్మ తువ్వాలు తీసుకుని రెండు పాదాలూ తుడిచింది. వేళ్ల మధ్య కూడా తుడిచింది.

బుధవారం శారోన్ వెళ్లాక గీతల కాగితం తీసి కూర్చుంది. నోటితో చెప్పడం తన వల్ల కాదని ఆదివారమే తేలిపోయింది. రాసింది ఉంటే కాగితమైనా చెబుతుంది. మొదటి కాగితం చిరిగిపోయింది. రెండోదాని మీద నేను రేవు కార్డు పెట్టాను అన్నంతవరకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కొసరు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగింది. ఎలా వివరించాలో తెలియక, కొబ్బరికాయల లెక్క నుంచి మొదలుపెట్టి రాసింది. నాగసతీష్ గారికి దీనితో ఏమీ సంబంధం లేదు అని రాసింది. ఆ తర్వాత, నా మనవరాలికి అని మొదలుపెట్టింది. పెన్ను కాగితం మీద అలాగే ఆనించి ఉంచితే సిరా చుక్క పెద్దదైంది. ఆ రెండు మాటలూ కొట్టేసి, ఇట్లు అని రాసి, కింద పేరు పెట్టింది.

గురువారం పదకొండు గంటల బస్సుకి అమలాపురం వెళ్లింది. మురళీమోహన్ గారి షాపులో కంపెనీ నుంచి వచ్చిన దుర్గాశ్రీ గారు బల్ల ముందు కాగితాలు పరుచుకుని ఉన్నారు. ఎదురు కుర్చీలో శారోన్. అదే ఊళ్లో తను పనిచేసే మందుల షాపులో ఓ గంట సెలవడిగి వచ్చింది, మంచి చీర కట్టుకుంది. అయిదారుగురు ఆటగాళ్లు నిలబడి ఉన్నారు. సూరమ్మని చూడగానే శారోన్ పెన్ను కింద పెట్టేసింది.

సూరమ్మ కాగితం మురళీమోహన్ గారి చేతికిచ్చింది. ఆయన చదివారు. చదువుతున్నంతసేపూ ఆయన మొహం చూసింది. కాగితం సగంలోనే ఆయనకి అర్థమైందని, అర్థం కాకుండా ఉంటే బాగుండునని ఆయన అనుకుంటున్నారని ఆమెకి తెలిసింది. చేతులు చూడడం అలవాటైన మనిషి. ఆయన వేళ్లు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాయి.

“అక్షరాలు సరిగా లేవండి సూరమ్మగారూ. ఏమీ బోధపడడం లేదు. తీరిగ్గా చూస్తాను లెండి,” అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు.

ఎవరో చిన్నగా నవ్వారు. ఆమె చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచింది. దుర్గాశ్రీ గారు తలెత్తి చూడడంతో ఆయన ఇచ్చేశారు.

“నేనే చదువుతానండి,” అంది సూరమ్మ.

కళ్లజోడు పెట్టుకుంది. కాగితం బల్ల అంచుకి ఆనించింది. వేలు పెట్టి చదివింది. ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క గుణింతం. తను రాసిన తప్పు దగ్గర తనే తడబడి, మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది. బయట ఒక బస్సు ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఇంకా రెండో పేరా కాలేదు. కొబ్బరికాయల దగ్గర మళ్లీ ఎవరో నవ్వబోయి మానేశారు. నాగసతీష్ గారు అన్న పేరు దగ్గరికి వచ్చేసరికి దుర్గాశ్రీ గారు పెన్నుకి మూత పెట్టేశారు. కొట్టేసిన రెండు మాటల దగ్గర వేలు ఆగింది. వాటిని దాటించి, కింద తన పేరు చదివి, కళ్లజోడు తీసింది.

శారోన్ ఆమె వైపు ఒక్కసారే చూసింది. తర్వాత ముందున్న కాగితాలు సర్ది, అంచులు సమం చేసి, దుర్గాశ్రీ గారి వైపు జరిపింది. సెలవిచ్చిన గంట అయిపోవస్తోందని చెప్పి షాపుకి వెళ్లిపోయింది.

ఆ ఉద్యోగం నాగసతీష్‌కి ఇస్తామని కబురు పెట్టారు. అతను అప్పటికే కార్డులన్నీ ఎవరికో ఇచ్చేశాడు. ఆ గదిలోకి ఇంక రానని, ఆటో చాలని అన్నాడట. చివరికి అది మూడోస్థానంలో నిలిచిన రాజోలు ఆయనకి వెళ్లింది. బడి పిల్లల్లో ఒక్కరు తిరిగి వచ్చారు. ముగ్గురు రాలేదు.

ఇంట్లో పది రోజులు శారోన్ సాయంత్రం వచ్చేది, బకెట్టులో నీళ్లు తనే పెట్టుకునేది. సూరమ్మ చెయ్యి వెయ్యబోతే బకెట్టు పక్కకి జరిపేది. పదకొండో రోజు, అల్లవరంలో చెల్లెలు రమ్మంటోంది, కొన్నాళ్లు వెళ్లి ఉంటాను అంది సూరమ్మ. చెల్లెలు రమ్మనలేదు. అలాగే అంది శారోన్. మర్నాడు షాపు నుంచి వస్తూ నెలకి సరిపడా బీపీ మాత్రలు తెచ్చి, పొట్లం ట్రంకుపెట్టె మీద పెట్టింది.

నాగసతీషే ఆటోలో తీసుకెళ్లి దింపాడు. పెట్టె దింపాక జేబులోంచి రేవు కార్డు తీసి ఇచ్చాడు. మురళీమోహన్ గారు అతని కార్డని అతనికే పంపారట. కవరు ఇంకా ఉంది.

ఆ సాయంత్రం సూరమ్మ చెల్లెలి ఇంటి వసారాలో కూర్చుని మాత్రల పొట్లం విప్పింది. పదేసి మాత్రల అట్టలు మూడు. పాత అలవాటు కొద్దీ రెండేసి చొప్పున లెక్కపెట్టింది. ముప్పై. అట్టల కింద ఇంకొకటి తగిలింది. ఇంకో అట్టలోంచి కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించిన ఒక్క మాత్ర, అంచులు గుచ్చుకోకుండా మూలలు గుండ్రం చేసి ఉంది. ఆమె గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి, ఆ నెల రోజులు లెక్కపెట్టింది. నవంబరు. ముప్పై రోజులే.

ఆ మాత్ర వేసుకోలేదు. కళ్లజోడు డబ్బాలో ఉంది.

ఇట్లు,
సూరమ్మ
వయసు అరవై నాలుగు
ప్రస్తుతం ఉంటున్నది అల్లవరం, చెల్లెలి ఇంటి వసారా